ఇనుము మీది రంగు

మన సాహిత్య విమర్శలో 'వస్తువు – శిల్పం' అనే జంట లేకుండా ఒక్క సమీక్ష పూర్తి కాదు. వస్తువు బాగుంది గానీ శిల్పం కుదరలేదంటాం. శిల్పం మోజులో పడి వస్తువును గాలికొదిలేశాడంటాం. తరగతిలో పాఠం చెప్పేటప్పుడు నేనూ ఈ మాటలే వాడుతుంటాను. ఇంతగా వాడుకునే ఆ మాటను ఏ విద్య నుంచి తెచ్చుకున్నామో ఆ విద్య గురించి మాత్రం మన పత్రికల్లో చర్చ బహు తక్కువ. రాతిని చెక్కేవాడు, లోహాన్ని పోతపోసేవాడు, ఇనుమును అతికేవాడు తన పనిలో దేన్ని వస్తువనుకుంటాడు, దేన్ని శిల్పమనుకుంటాడు? ఆ పని మీద తీర్పు చెప్పే విమర్శకుడికి ఆ పని మీదే ఎంతవరకు హక్కుంటుంది?

ఈ రెండో ప్రశ్న ఊసుపోకకు వేసింది కాదు. 1974లో అమెరికాలో ఇది పెద్ద గొడవై కూర్చుంది. ఒక శిల్పి చనిపోయాక, అతను తన శిల్పాల మీద వేసుకున్న రంగును, ఏ విమర్శకుడైతే అతని పేరును లోకానికి చాటాడో ఆ విమర్శకుడే తీయించివేశాడు. ఆ శిల్పి డేవిడ్ స్మిత్. ఆ విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్. శిల్పాలు నైరూప్యమైనవి, ఉక్కువి. అయినా ఆ గొడవ మన 'వస్తువు – శిల్పం' గొడవకు దూరపు చుట్టమేమీ కాదు.

గొడవలోకి వెళ్ళేముందు శిల్పాన్ని ఒకదాన్ని చూద్దాం. న్యూయార్క్ నగరానికి ఉత్తరంగా, హడ్సన్ నది లోయలో, మౌంటెన్‌విల్ అనే చోట స్టార్మ్ కింగ్ ఆర్ట్ సెంటర్ అనే ఆరుబయలు శిల్పశాల ఉంది. సుమారు 500 ఎకరాల గడ్డి మైదానాలు, అడవి, గుట్టలు. శిల్పాల నెత్తిన కప్పు లేదు, చుట్టూ గోడ లేదు. అక్కడ 'స్టడీ ఇన్ ఆర్క్స్' అనే స్మిత్ శిల్పం ఉంది. 1957లో చేసింది. ఎత్తు సుమారు 11 అడుగులు. ఆర్క్‌ను మా బడిలో లెక్కల మాస్టారు చాపమంటారు, చాపమంటే విల్లు. పేరుకు తగ్గట్టే అందులో విల్లులు తప్ప మరేమీ లేవు. ఉక్కును వంచి, వంచిన ముక్కల్ని వెల్డింగుతో అతికి నిలబెట్టాడు. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. కొన్ని ఆకాశాన్ని చూస్తుంటే కొన్ని నేలను చూస్తుంటాయి. ముద్ద అనేది లేదు. వెనకనున్న కొండా, చెట్లూ, మబ్బూ ఆ వంపుల సందుల్లోంచే కనిపిస్తాయి. గాలి మీద గీసిన గీతల్లాంటి పని. ఒళ్ళంతా లేత గులాబిరంగు.

ఉక్కుకు గులాబిరంగేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. గ్రీన్‌బర్గ్‌కూ దాదాపు అలాగే అనిపించింది. కాకపోతే మనకు అనిపిస్తే అనిపించినంతే. అతనికి అనిపిస్తే పరిణామాలుంటాయి.

అసలు ఇనుము అతికి శిల్పం చెయ్యడమనే పద్ధతే ఎంత కొత్తదో ముందు గుర్తుచేసుకోవాలి. రాతికీ కంచుకీ వేల ఏళ్ళ కళాచరిత్ర ఉంది. ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిపి మండించి లోహాన్ని అతికే గ్యాస్ వెల్డింగ్ 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో ఫ్రాన్సు పరిశ్రమల్లో వాడకంలోకి వచ్చింది. అది కళాశాలలో పుట్టిన విద్య కాదు. బార్సిలోనాలో లోహపు పనివాళ్ళ కుటుంబంలో పుట్టి పారిస్‌లో బతుకుతున్న జూలియో గొంజాలెజ్, 1918లో రెనో మోటారు కర్మాగారంలో పనిచేస్తూ దాన్ని నేర్చుకున్నాడు. పదేళ్ళ తర్వాత, 1928లో, ఇనుముతో శిల్పాలు చెయ్యాలనిపించి పికాసో వెతుక్కుంటూ వెళ్ళింది ఇతని దగ్గరికే. ఇరవయ్యో శతాబ్దపు మహా చిత్రకారుడికి ఫ్యాక్టరీ విద్య తెలిసిన మనిషి అవసరమైంది. 1937 పారిస్ ప్రదర్శనలో స్పెయిన్ రిపబ్లిక్ మంటపంలో 'గెర్నికా' చిత్రం ఉన్న సంగతి మన రచయితలందరికీ తెలుసు. అదే మంటపంలో చేత కొడవలితో, చంకన బిడ్డతో నిలబడ్డ రైతు స్త్రీ శిల్పం 'మాంట్సెరాట్' కూడా ఉంది. రేకును కొట్టి, అతికి గొంజాలెజ్ చేసిన శిల్పమది. దాన్ని గురించి మనం మాట్లాడుకున్నది తక్కువే.

డేవిడ్ స్మిత్ కథ కూడా మోటారు కర్మాగారంలోనే మొదలవుతుంది. 1906లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. తల్లి బడిపంతులమ్మ, తండ్రి టెలిఫోన్ పనిలో ఉండేవాడు. 1925 వేసవిలో సౌత్ బెండ్‌లోని స్టూడీబేకర్ కార్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరి రివిట్లు కొట్టడం, వెల్డింగు నేర్చాడు. మరుసటేడు న్యూయార్క్ చేరి చిత్రకళ చదివాడు. కొద్ది ఏళ్ళకు ఒక ఫ్రెంచి కళాపత్రికలో పికాసో, గొంజాలెజ్‌ల ఇనుప శిల్పాల ఫొటోలు అతని కంటబడ్డాయి. కడుపుకోసం నేర్చిన పనితోనే కళ చెయ్యవచ్చని అప్పుడు తెలిసింది. 1933లో ఇనుము అతికి శిల్పాలు మొదలుపెట్టాడు. 1934లో బ్రూక్లిన్ రేవు పక్కన టెర్మినల్ ఐరన్ వర్క్స్ అనే కమ్మరి దుకాణంలో మూల జాగా సంపాదించి అక్కడే పని. ఓడలవాళ్ళకూ ఇళ్ళవాళ్ళకూ కావలసిన ఇనుప సామాను ఒకవైపు, ఇతని శిల్పాలు మరోవైపు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉత్తరాన, లేక్ జార్జ్ దగ్గర బోల్టన్ లాండింగ్ అనే ఊళ్ళో తన పాత వ్యవసాయ క్షేత్రానికి మకాం మార్చి అక్కడొక షెడ్డు కట్టుకున్నప్పుడు, దానికీ టెర్మినల్ ఐరన్ వర్క్స్ అనే పేరే పెట్టుకున్నాడు. 'స్టూడియో' అనలేదు.

ఈ మనిషి రాజకీయాలు కూడా మనకు పరాయివి కావు. 1935–36లో ఫ్రాన్సు, గ్రీసు, ఇంగ్లండుతో పాటు సోవియట్ యూనియన్ కూడా చూసి వచ్చాడు. లండన్‌లో సజ్జాద్ జహీర్, ముల్క్ రాజ్ ఆనంద్ ప్రగతిశీల రచయితల సంఘానికి ప్రణాళిక రాసుకున్న కాలమది. లక్నోలో ఆ సంఘం తొలి మహాసభ 1936లో జరిగింది. తిరిగొచ్చాక 1937 నుంచి 1940 దాకా స్మిత్ 'మెడల్స్ ఫర్ డిసానర్' అనే 15 కంచు పతకాలు చేశాడు. 'అవమాన పతకాలు' అనొచ్చు మనం. యుద్ధాల్లో వీరులకు పతకాలిస్తారు కదా. ఇతను యుద్ధాన్ని నడిపేవాళ్ళకు ఇచ్చాడు. ఆయుధ వ్యాపారులకొకటి, పౌరుల మీద బాంబులు వేసేవాళ్ళకొకటి, యుద్ధానికి పోకుండా తప్పించుకున్న ధనికుల కొడుకులకొకటి, యుద్ధాన్ని దీవించే మతగురువులకొకటి, చివరికి పత్రికలవాళ్ళకూ ఒకటి. 1940 నవంబరులో ప్రదర్శన పెట్టాడు. కొన్నవాళ్ళు అరుదు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి 1944 వరకు, షెనెక్టడీలోని అమెరికన్ లోకోమోటివ్ కంపెనీలో ట్యాంకులకూ రైలింజన్లకూ వెల్డింగు చేశాడు. ఉక్కు కార్మికుల యూనియన్‌లో సభ్యుడు. ఆ సభ్యత్వాన్ని చివరిదాకా గొప్పగా చెప్పుకునేవాడు.

ఇక్కడ మన పాఠకుడు ఆగి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. పతకాలు చేసినవాడు విల్లుల్లోకి ఎందుకు పోయాడు? యుద్ధం ముగిశాక ఎందరో పోయినట్టే ఇతనూ పోరాటం వదిలి రూపవాదపు గూట్లో తలదాచుకున్నాడా? ఇలా తేల్చెయ్యడం సులువు. 1950ల అమెరికాలో కమ్యూనిస్టుల వేట ఎంత పని చేసిందో మనకు తెలియనిది కాదు. అయితే ఆ పతకాల ఫొటోలను చాలాసేపు పరిశీలించిన మీదట నా అభిప్రాయం చెబుతాను. అవి నిజాయితీగల పనులు, కోపం నిండిన పనులు, కానీ వివరణ లేకుండా నిలబడలేవు. పళ్ళెమంత పతకంలో డజన్ల బొమ్మలు కిక్కిరిసి ఉంటాయి. ప్రతి పతకానికీ పక్కనే పాఠం రాయవలసి వచ్చింది. 'స్టడీ ఇన్ ఆర్క్స్'కు పక్కన పాఠం అక్కర్లేదు. ఒక మనిషి బరువైన ఉక్కును ఎంత తేలిక చెయ్యగలడో అది చూపుతుంది. పన్నెండు గంటలు ఇంజను బాయిలర్ల మధ్య నిలబడ్డ శరీరానికే ఆ తేలికదనం విలువ తెలుస్తుందని నాకనిపిస్తుంది. ఇనుము తనకెందుకిష్టమో చెబుతూ స్మిత్, దానికి కళాచరిత్ర అంటూ లేకపోవడమే కారణమన్నాడు. దానికున్న చరిత్రల్లా ఈ శతాబ్దానిదేనని – శక్తి, నిర్మాణం, వేగం, వాటితో పాటే విధ్వంసం, క్రౌర్యం. వస్తువు ఎక్కడికీ పోలేదు. లోహంలోనే ఉంది.

ఒక ముక్క పక్కదారి. ఆ బోల్టన్ లాండింగ్‌లో స్మిత్ ఒక్కడే లేడు. భార్య డొరతీ డేనర్ కూడా చిత్రకారిణి. 1950లో అతన్ని వదిలి వెళ్ళింది. ఆమె శిల్పం చెయ్యడం మొదలుపెట్టింది 1955లో, అంటే ఆ ఇల్లు దాటాకే. ఒకే కప్పు కింద ఇద్దరు కళాకారులున్న మన ఇళ్ళను కూడా తలచుకుని ఈ వాక్యాన్ని మరోసారి చదువుకోవచ్చు.

ఇప్పుడు రంగు సంగతి. స్మిత్ చిత్రకారుడిగా మొదలై శిల్పి అయినవాడు. రంగు వదిలిపెట్టే ఉద్దేశం అతనికి ఏనాడూ లేదు. ఆరుబయట ఉక్కు మీద రంగు నిలవాలంటే పని చాలా ఉంటుంది. తుప్పూ, మడ్డీ పోయేదాకా లోహాన్ని గ్రైండు చెయ్యాలి. ప్రైమరు వెయ్యాలి. ఆరాక మళ్ళీ వెయ్యాలి. పదిహేను పూతల దాకా ప్రైమరే వేసేవాణ్ణని, ఆ మీద జింకు, ఆ మీద తెలుపు, ఆ తర్వాతే అసలు రంగు అని అతను చెప్పుకున్నాడు. ఖరీదైన కారు మీద ఉండే రంగు కన్నా తన శిల్పాల మీది రంగు ఎన్నో రెట్లు మందమని కార్ల ఫ్యాక్టరీ మనిషిలాగే లెక్క కట్టి చెప్పాడు. మా బడి పక్క వీధిలో గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే వెల్డింగు షాపతను ఈ వివరాలు విని ముందు నవ్వాడు. "రెండు కోట్లు రెడాక్సైడు కొట్టమంటేనే పార్టీలు బేరమాడతారు మాస్టారూ, పదిహేను కోట్లు ఎవడు కొడతాడు?" అన్నాడు. కాసేపాగి, "అన్ని కొట్టినోడు రంగు పోతే ఊరుకోడు," అన్నాడు.

నిజంగానే ఊరుకోలేదు. 1950లో చేసి ఎర్రరంగు వేసిన '17 హెచ్‌స్' అనే శిల్పం చేతులు మారి, దాని రంగు ఎవరో తీసేశారని స్మిత్‌కు తెలిసింది. 1960లో కళాపత్రికలకు బహిరంగ లేఖ రాశాడు. అది బుద్ధిపూర్వకమైన విధ్వంసమన్నాడు. ఆ శిల్పం ఇక తనది కాదనీ, దాని విలువ తుక్కు ఇనుము విలువేననీ ప్రకటించాడు. తన రంగు గురించి ఒక కళాకారుడు ఇంతకన్నా స్పష్టంగా చెప్పడం కష్టం. ఆ లేఖను చదవని కళావిమర్శకుడు ఆ రోజుల్లో న్యూయార్క్‌లో ఉంటాడనుకోను.

1965 మే 23న స్మిత్ తన ట్రక్కు బోల్తా పడి చనిపోయాడు. 59 ఏళ్ళు. అప్పటికి బోల్టన్ లాండింగ్ పొలాల్లో అతని శిల్పాలు డజన్ల కొద్దీ వరసలు కట్టి ఉన్నాయి – మొక్కజొన్న వేసినట్టు. అమ్ముడు పోనివి కొన్ని, అమ్మడానికి ఇష్టం లేనివి కొన్ని. ఎండకూ మంచుకూ వాటి రంగులు ఎలా మారతాయో చూసుకుంటూ ఉండేవాడు. కూతుళ్ళిద్దరూ చిన్నపిల్లలు. వీలునామా అమలు బాధ్యత ముగ్గురి మీద పడింది: ఒక లాయరు, చిత్రకారుడు రాబర్ట్ మదర్‌వెల్, విమర్శకుడు గ్రీన్‌బర్గ్.

1967లో రాల్ఫ్ ఆగ్డెన్ అనే పారిశ్రామికవేత్త ఆ పొలాలు చూడడానికి వచ్చాడు. అతనిదీ అతని అల్లుడు పీటర్ స్టెర్న్‌దీ బోల్టుల కంపెనీ. గోడల్లో, కాంక్రీటులో బిగించే బోల్టులూ మేకుల వ్యాపారం. స్టార్మ్ కింగ్‌ను 1960లో మొదలుపెట్టింది వీళ్ళే. హడ్సన్ లోయ చిత్రకారుల బొమ్మలతో, రాతి మేడ లోపల మామూలు మ్యూజియంగా నడపాలన్నది అప్పటి ఆలోచన. ఆ నేలలో కొంత భాగం నుంచి 1950ల్లో హైవే నిర్మాణానికి కంకర తవ్వుకుపోతే గోతులు మిగిలాయి. కొండల నేపథ్యంలో పొలం నిండా నిలబడ్డ ఉక్కు శిల్పాలను చూసి వచ్చిన ఆగ్డెన్, ఒకేసారి 13 కొన్నాడు. 'స్టడీ ఇన్ ఆర్క్స్'తో పాటు, లేతాకుపచ్చ రంగు వేసిన 'ఫైవ్ యూనిట్స్ ఈక్వల్', అచ్చు అక్షరాల పెట్టె, విరిగిన కుర్చీల నుంచి పోతపోసిన 'ది సిట్టింగ్ ప్రింటర్' లాంటివి వాటిలో ఉన్నాయి. ఆ తర్వాతే స్టార్మ్ కింగ్ మేడ దిగి మైదానంలోకి వచ్చింది. కంకర గోతులను పూడ్చి, నేలను మలిచి, శిల్పానికి తగిన దిబ్బ, దిబ్బకు తగిన చెట్లు ఏర్పాటు చేశారు. అంటే ఆ ఆరుబయలు శిల్పశాలకు నమూనా ఒక వెల్డరు తన పొలంలో పెట్టుకున్న వరస. బోల్టులు చేసిన కార్మికుల శ్రమ లాభమై, ఆ లాభం విరాళమై, ఆ విరాళం మాజీ ఫ్యాక్టరీ కార్మికుడి శిల్పాలకు చోటు కొనిపెట్టింది. టిక్కెట్టు కొనుక్కుని ఎవరైనా చూడొచ్చు. ఈ చక్రంలో న్యాయమెంతో, వైరుధ్యమెంతో విడదీసి చూపడం ఒక వ్యాసంతో తెమిలే పని కాదు. కానీ చక్రమైతే ఉంది.

బోల్టన్‌లో మిగిలిపోయిన శిల్పాల గతి వేరయింది. గ్రీన్‌బర్గ్ సామాన్యుడు కాదు. 1939లో వామపక్ష మేధావుల పత్రిక 'పార్టిజన్ రివ్యూ'లో రాసిన వ్యాసంతో పేరు తెచ్చుకున్నాడు. స్మిత్‌ను 1940ల మొదట్లోనే గుర్తించి, ఈ దేశపు మహాశిల్పుల్లో ఒకడవుతాడని రాసినవాడు. అతని సిద్ధాంతం క్లుప్తంగా ఇది: ప్రతి కళా తనది కానిదాన్ని వదిలించుకుంటూ తన మాధ్యమపు స్వచ్ఛతవైపు నడవాలి. చిత్రానికి సమతలమూ, రంగూ. శిల్పానికి ఆకృతీ, స్థలమూ. ఈ కొలతతో చూస్తే ఉక్కు మీద గులాబిరంగు, పసుపుపచ్చ, తెలుపు – ఇవన్నీ చిత్రకళ నుంచి చొరబడిన కల్తీ. స్మిత్ బతికుండగానే, రంగు విషయంలో అతను నిజంగా సఫలమైంది లేదని గ్రీన్‌బర్గ్ రాశాడు. రాయడం విమర్శకుడి హక్కు. దాన్ని నేను కాదనను.

ఆ తర్వాత జరిగింది రాత కాదు. తెల్లరంగుతో ఉన్న కొన్ని శిల్పాల రంగు తీయించి, ఉక్కును గోధుమవర్ణంలోకి తుప్పు పట్టనిచ్చారు. మరికొన్నింటిని బాగుచెయ్యకుండా ఎండకూ వానకూ వదిలేశారు, రంగు పెచ్చులూడింది. 1974లో రోజలిండ్ క్రాస్ అనే విమర్శకురాలు 'ఆర్ట్ ఇన్ అమెరికా' పత్రికలో ఈ సంగతి బయటపెట్టింది. స్మిత్ మీద పరిశోధన చేసి, 1971లో 'టెర్మినల్ ఐరన్ వర్క్స్' పేరుతోనే పుస్తకం రాసిన మనిషి ఆమె. ఒకప్పుడు గ్రీన్‌బర్గ్ అడుగుజాడల్లో నడిచిన మనిషి కూడా. ఆమె వాదానికి ఆయువుపట్టు ఫొటోలు. డాన్ బుడ్నిక్ అనే ఫొటోగ్రాఫరు స్మిత్ బతికుండగా ఆ పొలంలో తీసినవీ, తర్వాత తీసినవీ. అదే శిల్పం: ముందు తెల్లగా, తర్వాత తుప్పుగా. వాదన పెంచవలసిన పనే లేకపోయింది. వార్త దినపత్రికలకెక్కింది.

గ్రీన్‌బర్గ్ వైపు సమాధానం ఉంది, దాన్ని దాచకూడదు. ఆ తెలుపు అసలు రంగు కాదు, అసలు రంగు కింద వేసే ప్రైమరు మాత్రమే. పూర్తి కాని శిల్పాలవి అని. స్మిత్ చెప్పిన పద్ధతిలో రంగుకు ముందు తెలుపు పూతలు ఉన్న మాట నిజమే. కాబట్టి ఆ తెలుపును ఉంచాలనుకున్నాడా, దాని మీద మరో రంగు వెయ్యాలనుకున్నాడా అన్నది కొన్ని శిల్పాల విషయంలో తేలని ప్రశ్నే. నేను అడిగేది మరొకటి. ప్రైమరే అనుకుందాం. ప్రైమరు వేసినవాడి మనసులో ఆ మీద రంగొకటి ఉన్నట్టే కదా? ఎవరూ తుప్పు పట్టించడానికి ప్రైమరు వెయ్యరు. ఏ రంగో తెలియనప్పుడు ప్రైమరునైనా ఉంచాలి. అతని మనసులో ఏ రంగున్నా, గ్రీన్‌బర్గ్ మనసులో ఉన్న తుప్పు రంగు మాత్రం కాదు. విమర్శకుడు తన సిద్ధాంతానికి సాక్ష్యం వెతుక్కోవడం మామూలే. సిద్ధాంతానికి సరిపడేలా సాక్ష్యాన్నే మార్చడం మామూలు కాదు.

ఈ 1974లోనే మరో పత్రికలో ఈవా కాక్రాఫ్ట్ రాసిన వ్యాసమొకటి అమెరికన్ నైరూప్య చిత్రకళను శీతల యుద్ధపు ఆయుధమని పిలిచింది. సాంస్కృతిక స్వేచ్ఛ పేరుతో నడిచిన సంస్థకు సీఐఏ డబ్బు అందిన సంగతి 1966–67లో రచ్చకెక్కింది. దాని అమెరికా కమిటీలో గ్రీన్‌బర్గ్ సభ్యుడు. 1967లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వాళ్ళ చిత్రప్రదర్శన ఢిల్లీకి వచ్చినప్పుడు అతను కూడా వచ్చి ఉపన్యసించాడు. మన దేశపు చిత్రకారులు అతని పాఠం విన్నారు, కొందరు ఎదురు చెప్పారు. ఈ చరిత్ర చదివాక మనవాళ్ళు కొందరు, నైరూప్యమంటేనే సామ్రాజ్యవాదపు సరుకని చేతులు దులుపుకుంటారు. నేనలా దులుపుకోలేను. ఆ శిల్పాలను ఎగుమతి చేసిన చేతులు వేరు, అతికిన చేతులు వేరు. స్మిత్ ఉక్కు మీద మాట్లాడే అధికారాన్ని గ్రీన్‌బర్గ్‌కు వదిలేస్తే, రంగు తీసినవాడికే శిల్పాన్ని అప్పజెప్పినవాళ్ళమవుతాం.

పైగా మన ఇంట్లో ఏం జరిగిందో చూసుకోవాలి. ముద్దుపళని 'రాధికా సాంత్వనము' 1887లో అచ్చయినప్పుడు ఆమె తన వంశాన్ని చెప్పుకున్న పీఠికా పద్యాలను, మరికొన్నింటిని పరిష్కర్త తీసేశాడు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠం అచ్చు వేయించింది. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్నే నిషేధించింది. నిషేధం పోవడానికి 1947 దాకా ఆగవలసివచ్చింది. తీసేసినవాడికి అది అశ్లీలమనిపించి ఉండవచ్చు. మరి వంశం చెప్పుకోవడంలో ఏం అశ్లీలముంది? అభ్యుదయ విమర్శకులమైన మనం గీకేది ఇంకో వైపు నుంచి. గ్రీన్‌బర్గ్ ఉక్కు నుంచి రంగు తీస్తే, మనం కవిత నుంచి ప్రతీకలు, ధ్వని, నాదం గీకేసి 'సందేశం' మిగిల్చి, ఇదిగో కవి అంటాం. పాఠ్యపుస్తకాల్లో ఎందరు కవులు ఇలా తుప్పు పట్టి నిలబడి ఉన్నారో రోజూ వాళ్ళ పద్యాలు చెప్పే నాలాంటివాళ్ళకు తెలుసు. ఉపకరణం వేరైనా చేసే పని ఒకటే: వస్తువునూ శిల్పాన్నీ విడదియ్యవచ్చనే నమ్మకం. స్మిత్ విల్లుల మీది గులాబిరంగు ఎక్కడ శిల్పం, ఎక్కడ వస్తువు? అది తీసేస్తే ఆ ఉక్కు కొండ ముందు ఉక్కులాగే బరువెక్కుతుంది. ఆ రంగువల్లే అది మధ్యాహ్నపు ఎండలో సగం కరిగినట్టుంటుంది. తేలికదనమే దాని వస్తువైతే, వస్తువు రంగులో ఉంది.

హక్కుల ప్రశ్న మన దేశంలో కోర్టు దాకా వెళ్ళింది. స్మిత్ తన విల్లులు అతికిన 1957లోనే ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు అమర్‌నాథ్ సెహగల్ చేత పెద్ద కంచు కుడ్యశిల్పం చేయించాలని ప్రభుత్వం నిర్ణయించింది. గ్రామీణ జీవితం దాని వస్తువు. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని పీకి గోదాములో పడేశారు. ముక్కలు పోయాయి. శిల్పి 1992లో దావా వేశాడు. ఢిల్లీ హైకోర్టు 2005లో తీర్పు చెప్పింది: కొన్నవాడు యజమానే అయినా, కృతిని ధ్వంసం చేసే హక్కు అతనికి లేదు, మిగిలిన ముక్కలు శిల్పికి తిరిగి ఇవ్వాలి, 5 లక్షల రూపాయలు పరిహారం చెల్లించాలి. దానికి ఆధారం కాపీరైటు చట్టం 57వ సెక్షను. ఆ చట్టం కూడా 1957దే. అమెరికాలో దృశ్య కళాకారులకు ఇలాంటి రక్షణ ఫెడరల్ చట్టంగా రావడానికి 1990 దాకా పట్టింది. రచయితలు ఈ సెక్షనును ఒకసారి చదువుకోవడం మంచిది. మన పద్యాలకూ కథలకూ కూడా అది వర్తిస్తుంది.

ఇక స్టార్మ్ కింగ్. ఆరుబయలు శిల్పానికి రంగు ఒకసారి వేసి మరిచిపోయేది కాదు. ఎండకు వెలుస్తుంది, గాలికి పెచ్చులూడుతుంది, నీరు వెల్డింగు అతుకుల్లోకి దిగుతుంది. అందుకని ఆ మైదానంలో శిల్పాన్ని కాపాడడమంటే, అతుకులు చూసి, తుప్పు గీకి, అదే ఛాయ వెతికి మళ్ళీ పూత వెయ్యడం. అక్కడి జీతగాళ్ళకు ఆ పని తీరేది కాదు. ప్రతిసారీ వాళ్ళు ఎదుర్కొనే ప్రశ్న గ్రీన్‌బర్గ్ ఎదుర్కొన్నదే: ఇప్పుడు కనిపించే రంగా, అతను వేసిన రంగా, నాకు బాగుందనిపించే రంగా? 2017లో ఆ మైదానంలోనే స్మిత్ తెల్లరంగు శిల్పాలను ఒకచోటికి చేర్చి ప్రదర్శించారు. వాటిలో 'ప్రీమో పియానో' శిల్పాలూ ఉన్నాయి. 1962లో బోల్టన్‌లో చేసినవి. పచ్చగడ్డి మీద, కొండల ముందు, తెల్లగా.